ఐదు నిమిషాలు, ఐదు వేళ్ళు

ఫిబ్రవరి 10

అమ్మను మట్టిలో పెట్టి వచ్చాం.

కలియోపి రాలేదు.

అదే రోజు, సాయంత్రం

జనం వెళ్ళిపోయారు. పక్కింటి ఎర్నియా పిన్ని కాఫీ కప్పులు కడుగుతానంటే వద్దని అరిచాను. పాపం, ముసలిది అదిరిపడింది. అరవడానికి ఎవరో ఒకరు కావాలి కదా. అరవాల్సిన మనిషి ఎదురుగా లేదు.

రాసుకోకపోతే ఈ కోపం నన్ను తినేస్తుంది.

నిన్న పొద్దున అమ్మ కుర్చీలో కూర్చునే పోయింది. కింద బేకరీలో రెండో వాయి రొట్టెలు తీసి పైకి వెళ్ళేసరికి తల పక్కకి వాలి ఉంది. మొదట అక్క కలియోపికే ఫోన్ చేశాను. అది పెళ్ళయి పక్క దీవి కార్పథోస్‌లో ఉంటోంది. పక్క దీవి అని మాటవరసకి అనడం లేదు. అమ్మ కుర్చీ పక్క కిటికీలోంచి దాని కొండలు కనిపిస్తాయి. విమానంలో ఐదు నిమిషాలు.

"వస్తున్నానే. పడవలు కట్టేశారు, గాలి చూశావుగా. ఈదుకుంటూ అయినా వస్తా. నేను వచ్చేదాకా అమ్మను కదపొద్దు" అంది.

కదపనివ్వలేదు. ఇవాళ మధ్యాహ్నం దాటేదాకా శవపెట్టె దగ్గర కుక్కలా కాపలా కాశాను. ఫాదర్ నికితాస్ గడపలో నిలబడి టోపీ చేతిలో తిప్పుతూ, "ఎంతసేపని ఆపను సెవస్తీ? పొద్దు వాలితే ఇవాళకి కుదరదు" అన్నాడు. "ఇంకొంచెం, ఫాదరుగారూ" అన్నాను. అలా ఎన్నిసార్లు అన్నానో.

మా ఊళ్ళో తల్లి పోతే విలాపం ఎత్తాల్సింది పెద్దకూతురు. ఆవిడ ఎత్తాకే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. పెద్దది బతికుండగా చిన్నది నోరు విప్పిందంటే పెద్దదాన్ని ఆ ఇంటి కూతుళ్ళలోంచి తీసేసినట్టే లెక్క. అందుకని నేను విప్పలేదు. అందరూ నా మొహం, నేను గుమ్మం చూస్తూ కూర్చున్నాం. ఆరుగురు పిల్లల్ని కని ఇద్దర్ని దక్కించుకున్న మనిషి, ఊళ్ళో ప్రతి చావుకీ వెళ్ళి గొంతు పోయేలా ఏడ్చి వచ్చిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఒక్క పాట లేకుండా వెళ్ళిపోయింది.

దానికి తోడు ఆ విమానం. ఇవాళ విమానం రద్దని ఎయిర్‌పోర్టు మినాస్ పొద్దున్నే చెప్పాడు. పెట్టె గోతిలోకి దింపుతుంటే అది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో! మా శ్మశానం రన్‌వే పక్క గుట్టమీదే. ఫాదర్ ప్రార్థన ఒక్క ముక్క వినబడలేదు. ఒకసారి వచ్చి పోయింది. పీడ వదిలిందనుకున్నాను. తిరిగి మళ్ళీ వచ్చింది, ఈసారి గోడ మీదుగా, కిటికీలు లెక్కపెట్టేంత కిందకి, గాలికి ఊగిపోతూ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుడిచెయ్యి పైకెత్తి, ఐదు వేళ్ళూ విప్పి, నీ మొహం మండ అని దాని మొహాన మూంజా పెట్టాను. నా జన్మలో మొదటిసారి. బజార్లో తాగుబోతులు పెట్టుకునే మూంజా, తల్లి గోతి దగ్గర, నల్లబట్టల్లో నిలబడి.

ఎర్నియా పిన్ని నా చెయ్యి కిందకి లాగింది. "శవం ముందు అయిదు వేళ్ళు చూపిస్తావేమిటే! మతి పోయిందా?"

"ఎవడి పెళ్ళికని తిరుగుతోంది అది నెత్తిమీద?" అన్నాను.

అది మా దీవి దాటి అవతలి సితియా ఊరికి ఖాళీగా పోయే విమానమే అయ్యుంటుంది. దిగకుండా పోయింది.

తిరిగి వస్తుంటే మినాస్ పరుగెత్తుకొచ్చాడు. "సెవస్తీ, ఒక్క మాట" అన్నాడు. "రేపు" అన్నాను.

ఫిబ్రవరి 11

ఫోన్ చేసింది. "సెవస్తీ, నేను రోడోస్‌లో ఉన్నానే" అంది. అంతే విన్నాను. పెట్టేశాను.

రోడోస్‌లో!

ఫిబ్రవరి 12

రోడోస్ పట్నానికి మా దీవుల వాళ్ళు ఎందుకు వెళతారు? బట్టలకీ, పళ్ళ డాక్టరుకీ, కోర్టుకీ. దాని పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కోర్టు పనేం లేదు. ఇంక మిగిలింది ఏమిటో చెప్పడానికి నేను చదువుకుని ఉండక్కర్లేదు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు తన నోటితోనే చెప్పింది: "ఫిబ్రవరిలో ఒకసారి రోడోస్ వెళ్ళి పిల్లదాని పెళ్ళిగౌను కొలతలు ఇచ్చి రావాలి." పిల్లదానికి అమ్మ పేరే, మరుక్లా. అమ్మ పేరు పెట్టుకున్న పిల్ల గౌను కోసం అమ్మనే వదిలేసింది.

కొలతల రోజు ముందే ఖాయం చేసుకున్నారు, మార్చడానికి మనసొప్పలేదు. "ఈదుకుంటూ అయినా వస్తా" అట! ఇక్కడికి రావడానికి గాలి అడ్డం వచ్చింది. రోడోస్ పోవడానికి రాలేదు. అక్కణ్ణుంచి విమానం లేచిందీ అంటే ఇక్కడికీ లేవగలదు కదా. ఇక్కడికి ఇరవయ్యొక్క కిలోమీటర్లు. రోడోస్ దానికి ఎన్ని రెట్లో!

దాని నెంబరు తీసేద్దామని చూశాను. ఎలా తీస్తారో తెలియలేదు. దానిమీద కూడా ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 13

మినాస్ రొట్టెకని వచ్చాడు. రొట్టె నిన్ననే తీసుకెళ్ళాడు, వాళ్ళింట్లో ఉన్నది ఇద్దరు. నాకు తెలుసు ఎందుకొచ్చాడో.

"సెవస్తీ, ఆ రోజు విమానం సంగతి..."

"మినాస్, ఒకటో తరగతిలో నీ పలక ఎవరు పగలగొట్టారు?"

"నువ్వే."

"ఇప్పుడు తల పగలగొడతాను. దాని పేరు ఎత్తకు, విమానం మాట ఎత్తకు. రొట్టె కావాలా, వద్దా?"

"నువ్వు మనిషివి కాదే తల్లీ" అని రొట్టె తీసుకుని పోయాడు. పోనీ.

ఫిబ్రవరి 15

గుమ్మం మీద అట్టముక్క కట్టాను: ఈ కొట్లో మా అక్క గురించి మాట్లాడేవాళ్ళకి రొట్టె అమ్మబడదు.

ఊరికంతకీ ఉన్నది రెండు బేకరీలు. రెండోవాడి రొట్టె రాయి. చచ్చినట్టు నోరు మూసుకుని వస్తున్నారు.

ఫిబ్రవరి 16

ఫోన్ మోగింది. ఎత్తలేదు.

ఫిబ్రవరి 17

ఫోన్. ఎత్తలేదు. అది ఇప్పుడు ఇంటి నెంబరు నుంచి చేస్తోంది, కార్పథోస్ నుంచి. గౌను పని అయినట్టుంది.

ఫిబ్రవరి 19

ఎర్నియా పిన్ని గుమ్మం బయట నిలబడి, కొట్లోకి రాకుండా, వీధిలోంచి మొదలుపెట్టింది. "నేను కొట్లో మాట్లాడ్డం లేదు. వీధిలో మాట్లాడుతున్నా. వీధి నీ అబ్బ సొత్తు కాదు."

"పిన్నీ!"

"ఆ రోజు అది..."

మిక్సరు వేశాను. పిండి లేకుండా ఖాళీ మిక్సరు. ఆవిడ నోరు కదుపుతూనే ఉంది, చేతులు తిప్పుతూనే ఉంది, ఒక చెయ్యి పైకి లేపి గుండ్రంగా తిప్పింది. నేను ఆపలేదు. ఆవిడే అలిసిపోయి నాకో దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

కలియోపి తరఫున మాట్లాడటానికి ఇంతమంది ఉన్నారు. నా తరఫున ఒక్కరు లేరు. తొమ్మిదేళ్ళు అమ్మకి స్నానం చేయించింది ఎవరు? తల దువ్వింది ఎవరు? అది పండగకి వచ్చి, రెండు రోజులుండి, అమ్మని నవ్వించి పోయేది. నేను మందులు మింగించేదాన్ని కనక నన్ను చూస్తే అమ్మ మొహం ముడుచుకునేది. అదొస్తే వెలిగిపోయేది. "వచ్చావా నా పెద్ద పక్షీ" అనేది. ఆఖరి వారం కూడా ఆ కిటికీ దగ్గరే కూర్చుని కొండలు చూసింది. నేను ఈ వైపు ఉన్నాను. నా వైపు కుర్చీ తిప్పుకోలేదు.

ఇది రాయకూడదనుకున్నాను. రాసేశాను.

ఫిబ్రవరి 22

గాలి.

ఫిబ్రవరి 25

ఇవాళ ఫోన్ మోగలేదు. నిన్నా మోగలేదు. చూశావా? దాని పశ్చాత్తాపం రెండు వారాలు.

ఫిబ్రవరి 26

మోగలేదు.

మార్చి 2

ఏథెన్సు నుంచి వచ్చిన వాళ్ళెవరో దుకాణాలన్నిటికీ గోడకి అంటించే పెద్ద బొమ్మలు పంచిపెట్టి పోయారు. నీలం సముద్రం, తెల్ల విమానం, కింద ఇంత లావు అక్షరాలు: "పక్క దీవికి ఐదు నిమిషాలే!" చివర ఎర్రటి ఆశ్చర్యార్థకంతో సహా. చించి పొయ్యిలో పెట్టబోయి ఆగాను. కౌంటరు వెనక అంటించాను. రోజూ చదువుకోవాలి. కోపం చల్లారుతుందేమో అనిపించినప్పుడల్లా చదువుకోవాలి.

మార్చి 5

కొట్లోకి ఒక హాలండువాడు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ముక్కు ఎర్రగా. విమానాల పిచ్చి అట. మెడలో గడియారం వేలాడుతోంది. ఇంత చిన్న ప్రయాణం దేశంలో ఇంకెక్కడా లేదని, ఎక్కి దిగి సమయం చూసుకోవడానికి అంత దూరం నుంచి వచ్చాడు. వచ్చీరాని గ్రీకులో అడిగాడు.

"అమ్మగారూ, ఐదు నిమిషాల విమానం ఎప్పుడు?"

"గాలి ఆగినప్పుడు."

"గాలి ఎప్పుడు ఆగుతుంది?"

"నన్నడుగుతావేం నాయనా? నేనేమన్నా గాలికి అత్తగారినా?"

వాడికి అర్థం కాలేదు గానీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. నాలుగో రోజట ఇక్కడ పడి ఉండటం. ఐదు నిమిషాల కోసం నాలుగు రోజులు. వాడికి అది తమాషా. చేతిలో రొట్టె పట్టుకుని, బొమ్మ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, మళ్ళీ నవ్వాడు. వీళ్ళకి మా చావులు కనబడవు, మా విమానం బొమ్మే కనబడుతుంది.

"ఫిబ్రవరిలో కూడా ఒకసారి వచ్చాను. మీ ఊరి పైదాకా వచ్చి దింపలేకపోయారు. కార్పథోస్‌లోనూ దింపలేకపోయారు. చివరికి రోడోస్‌లో దించారు. మూడు రోజులు అక్కడే" అన్నాడు.

రోడోస్ మాట వినగానే ఒళ్ళు మండింది. చిల్లర చేతిలో పెట్టి, తలుపు తీసి, పంపేశాను.

ఏ తారీఖునో అడగలేదు. ఎందుకడగాలి? ఫిబ్రవరిలో చాలా రోజులుంటాయి.

మార్చి 6

హాలండువాడు కొట్టు ముందునుంచి పోయాడు. పిలవలేదు.

మార్చి 7

వాడు వెళ్ళిపోయాడట. విమానంలో కాదు, పడవలో. బాగా అయింది.

మార్చి 10

ఇవాళ రొట్టె మాడ్చాను. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ మాడ్చలేదు. దానిమీద కోపంతోనే మాడింది. ఆ మాడిన రొట్టె కూడా కలియోపి ఖాతాలోనే.

మార్చి 12

ఫాదర్ నికితాస్ వచ్చాడు. వచ్చే వారం శనివారం అమ్మ నలభయ్యో రోజు ప్రార్థన. వచ్చినవాళ్ళకి పంచే గోధుమలు ఎన్ని ఉడకబెట్టాలి, ఎంతమంది వస్తారు, అన్నీ మాట్లాడాం. ఆయన గడ్డం నిమురుకుంటూ ఉంటే అర్థమైంది, ఇంకేదో ఉంది.

"మీ అక్కయ్య కబురు పంపింది. వస్తానంది."

"రావద్దని చెప్పండి."

"తల్లి ప్రార్థనకి రావద్దని నేనెలా చెబుతానమ్మా? ఆ రోజు ఏం జరిగిందో నువ్వు ఒక్కసారి..."

"ఫాదరుగారూ, గుమ్మం మీది అట్ట మీకూ వర్తిస్తుంది."

ఆయనకి కోపం వచ్చింది. ఫాదర్‌కి కోపం రావడం మొదటిసారి చూశాను. "పెట్టె ముందు మూంజా పెట్టినదానివి, నువ్వు నాకు మర్యాదలు నేర్పుతావా?" అన్నాడు.

"నేర్పుతాను. ఇంకో మాట కూడా చెబుతున్నా, వినండి. శనివారం విలాపం నేనే ఎత్తుతాను."

నేనేమన్నానో ఆయనకి తెలుసు. ఆ తరవాత కలియోపి ఈ ఇంటి కూతురు కాదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎవరూ దాన్ని మరుక్లా పెద్దకూతురని పిలవరు. రేపు దాని పిల్ల పెళ్ళికి ఈ ఇంటి గడప మీంచి దీవెన పోదు. ఒకసారి ఎత్తాక వెనక్కి తీసుకునే దారి లేదు.

"ఆలోచించుకో" అన్నాడు.

"నెల రోజులనుంచి అదే పని" అన్నాను.

మార్చి 14

విలాపం సాధన చేస్తున్నాను, పిండి పిసుకుతూ. అమ్మ ఎన్ని కట్టిందో! నోరు తెరిస్తే జంట పాదాలు వచ్చి వాలేవి. నాకు ఒక్కటి రావడం లేదు. "అమ్మా" అని మొదలుపెడతాను. రెండో పాదంలోకి కలియోపి వచ్చేస్తుంది. మూడో పాదంలో అది రోడోస్‌లో గౌను కొలతలు ఇస్తూ ఉంటుంది. అది విలాపం కాదు, వీధికుళాయి దగ్గర తగూ.

ఏడుపు కూడా రాలేదు ఇంతవరకూ. అమ్మ పోయి ఇన్ని రోజులైంది, నేను ఒక్కసారి ఏడవలేదు. అదీ దాని తప్పే.

మార్చి 17

ఏ తారీఖునో ఆ హాలండువాణ్ణి అడగాల్సింది.

అదే రోజు, రాత్రి

ఆ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. అడిగినా ఏమొస్తుంది? వస్తానన్న మనిషి వచ్చి ఉండాలి. అంతే. దూరం ఐదు నిమిషాలు. బొమ్మ మీద రాసి ఉంది.

మార్చి 20

గోధుమలు ఉడికాయి. గుడ్డమీద ఆరబోశాను. దానిమ్మగింజలు, బాదం, కిస్‌మిస్, పైన పంచదార. అమ్మ పేరులో మొదటి అక్షరం వెండిగుళికలతో వేశాను. వంకర పోయింది. కలియోపి వేస్తే వంకర పోదు. దాని చెయ్యి చక్కని చెయ్యి.

గాలి లేదు. ఇవాళ ఆకు కదలడం లేదు. సిగ్గులేని గాలి.

మార్చి 21

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

పొద్దున గుట్టమీదికి వెళ్ళాం. ఊరు ఊరంతా వచ్చింది. ఫాదర్ ప్రార్థన ముగించి పక్కకి జరిగి నా వైపు చూశాడు. ఆడవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. నేను సమాధి రాతి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. గేటు దగ్గర కలియోపి కనబడింది.

పొద్దుటి విమానంలో దిగింది. చిక్కిపోయింది. బావ పక్కన లేడు. ఒక్కతే వచ్చింది, నల్లరుమాలు గట్టిగా కట్టుకుని. ఎవరూ దారి ఇవ్వలేదు, ఎవరూ ఆపలేదు. అందరూ నా నోరు ఎప్పుడు విచ్చుకుంటుందా అని చూస్తున్నారు.

విప్పాను. "అమ్మా" అన్నాను.

అంతే. రెండో మాట రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, నోరు తెరుచుకుని, పొయ్యి మూత తెరిచినట్టు. అప్పుడు నా వెనకనుంచి అది ఎత్తింది. గేటు దగ్గరినుంచే. అమ్మ గొంతే దానిది.

విలాపం ఒకసారి లేచాక ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. ఫాదర్‌కి లేదు, చెల్లెలికి లేదు. చచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు అబద్ధం ఆడకూడదు, అడ్డం రాకూడదు. నా దగ్గర మిక్సరు లేదు. వినాల్సి వచ్చింది.

గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

"పెద్దది రాలేదనుకున్నావా అమ్మా,
వచ్చాను, నీ నెత్తిమీదికే వచ్చాను.
నేల కనబడింది, నీ వాకిలి కనబడింది,
కాలు పెట్టడానికి జానెడు చోటు దొరకలేదు.

పెరట్లో తాడుమీద నీ రుమాలు చూశాను,
గుట్టమీద నల్లగా మన జనాన్ని చూశాను.
నీ పెట్టె చూశానమ్మా, పైనుంచి
అగ్గిపెట్టెంత ఉంది, అందులో నువ్వున్నావు.

తలుపు తియ్యండి, దూకుతానన్నాను,
బెల్టు బిగించి కూర్చోబెట్టారు.
ఒకసారి వచ్చాం, గాలి తోసేసింది,
రెండోసారి వచ్చాం, గాలి తోసేసింది.

నా ఇంటికీ చేర్చలేదు, నీ ఇంటికీ చేర్చలేదు,
ఐదు నిమిషాలకి బయల్దేరిన దాన్ని
రోడోస్‌లో దించారు, మూడు రోజులు
ఎయిర్‌పోర్టు బెంచీ మీద నీకోసం ఏడ్చాను."

పక్కన ఎర్నియా పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ రోజు వీధిలో నిలబడి గుండ్రంగా తిప్పిన చెయ్యి అదే. ఊరందరికీ తెలుసు. రొట్టె కోసం నోరు మూసుకున్నారు. అక్కడితో ఆపినా బాగుండేది. ఆపలేదు.

"చెల్లి ఒక్కతే నన్ను చూసిందమ్మా,
అంత జనంలో నా చెల్లే తల పైకెత్తింది.
చెయ్యెత్తింది, ఐదు వేళ్ళూ విప్పింది,
వచ్చావా అక్కా అని చెయ్యి ఊపింది.

మా చెల్లి నన్ను చూసిందని పక్కవాడికి చెప్పాను,
ఇంక ఫర్వాలేదు, అమ్మకి చెబుతుందన్నాను.
చెప్పిందా అమ్మా? పెద్దది పైన ఉందని,
నీ పక్షి వచ్చి పోయిందని చెప్పిందా?"

ఆ రోజు ఆ గోడల మధ్య నిలబడ్డవాళ్ళే వీళ్ళందరూ. ఆ చెయ్యి ఏమిటో ప్రతివాడికీ తెలుసు. బజార్లో నెల రోజులనుంచి నా మూంజా గురించి నవ్వుకుంటున్నారని కూడా నాకు తెలుసు. ఇవాళ ఒక్కరి పెదవి వంకర పోలేదు. ఒక్కరు దగ్గలేదు. ఫాదర్ నికితాస్ తన బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఎర్నియా పిన్ని నా మోచేతిని ఎముక విరిగేలా నొక్కింది.

పెద్దది ఎత్తాక చిన్నది అందుకోవాలి. అందరూ ఎదురు చూశారు. చచ్చినవాళ్ళ ముందు అబద్ధం ఆడకూడదు. "చెప్పాను అక్కా" అని పాడలేను. "అది మూంజా" అని పాడలేను. అందుకని మాటల్లేకుండానే అందుకున్నాను. గట్టిగా. పశువు అరిచినట్టు. తరవాత కింద కూర్చుండిపోయాను. కలియోపి వచ్చి నా తల పొట్టకి అదుముకుంది. దాని బట్టల్లోంచి ఇంటి సబ్బు వాసన, మా ఇంటి సబ్బు, అమ్మ వాడేది.

అమ్మ పోయాక మొదటిసారి ఏడ్చాను. అంతమందిలో.

మార్చి 22

కోపం పోలేదు. పోతుందనుకున్నాను. ఎటు తిప్పాలో తెలియక ఇంట్లో తిరుగుతోంది.

రాత్రి దాని మంచం అమ్మ గదిలో వేశాను. పొద్దున గోధుమలు మిగిలితే పెరుగుతో తిన్నాం. అది కిటికీ దగ్గర అమ్మ కుర్చీలో కూర్చుంది. నేను దాని ఎదురుగా కూర్చున్నాను. అది నా వైపే తిరిగి కూర్చుంది.

"ఫోన్ ఎందుకు పెట్టేశావే?" అంది.

"గౌను కోసం వెళ్ళావనుకున్నా."

"ఏ గౌను?"

చెప్పాను. అది నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "గౌను పిల్లదే ఆన్‌లైన్లో తెప్పించుకుంది. పొట్ట దగ్గర పట్టలేదు. నువ్వే విప్పి కుట్టాలి."

"నేను బేకరీదాన్ని, దర్జీని కాదు."

"అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంది నువ్వేగా. నాకు సూది ఎటు పట్టుకోవాలో తెలీదు." పెరుగు గిన్నె పక్కన పెట్టి, "ఒకటడుగుతా, నిజం చెప్పు" అంది. "నేనే అని ఎలా గుర్తుపట్టావే? అంత పైన, కిటికీలో?"

నిజం చెప్పే అవకాశం అదే. అది మంచిది, నవ్వేస్తుంది, నాకు తెలుసు. కానీ రోడోస్ బెంచీమీద మూడు రోజులు అది తిన్నది ఆ చెయ్యే, తాగింది ఆ చెయ్యే. ఆ ఒక్క చెయ్యి పట్టుకునే నేను ఫోన్ ఎత్తకపోయినా ఇన్ని రోజులు ఉంది. "చెయ్యి ఊపిన మనిషి ఎందుకు మాట్లాడదు? దుఃఖంలో ఉండి ఉంటుంది అనుకున్నా" అంది.

"నువ్వు కాక ఇంకెవరొస్తారు" అన్నాను.

అమ్మ ముందు కాదు కదా, కుర్చీలో ఉన్నది కలియోపి. బతికున్నవాళ్ళ ముందు అబద్ధం ఆడచ్చు.

మార్చి 23

ఏథెన్సువాడి మీద కోపం. ఆ బొమ్మ వేసినవాడి మీద. గాలిమీద. ఆ రోజు "రద్దు" అని చెప్పిన మినాస్ మీద, రద్దు కాలేదని నా నోరు నొక్కయినా చెప్పనందుకు ఇంకా. పలక పగలగొట్టినదాన్ని తోసేసి చెప్పద్దూ!

బొమ్మ మీద "ఐదు నిమిషాలే" అన్నదాని కింద బొగ్గుతో రాశాను: గాలి ఒప్పుకుంటే. గుమ్మం మీది అట్ట పీకేశాను.

పీకేసిన గంటలో ఊరంతా రొట్టెకి వచ్చింది. అందరూ కలియోపి గురించే మాట్లాడారు. చెవులు చిల్లులు పడ్డాయి. చెయ్యి మాట మాత్రం ఒక్కరు ఎత్తలేదు.

మార్చి 24

కలియోపి వెళ్ళింది. నేను ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాను. గాలి లేదు. ఇవాళ ఎక్కడ చచ్చిందో!

అది లోపలికి వెళ్ళాక కంచె దగ్గర నిలబడ్డాను. మినాస్ పసుపు జాకెట్టు వేసుకుని పక్కకొచ్చాడు. "ఏ కిటికీయో తెలుసా?"

"తెలీదు."

"ఎడమవైపు, రెక్క వెనక. నేనే వేశా ఆ సీటు." కంచెలోంచి రన్‌వే వైపు చూస్తూ, "మరి ఊపు. నీకు అలవాటేగా" అన్నాడు.

వాడి తల పగలగొట్టాలనిపించింది. విమానం కదిలింది. లేచింది. గుట్టమీదుగా, అమ్మ మీదుగా ఒరిగింది. నేను కుడిచెయ్యి పైకెత్తాను, ఐదు వేళ్ళూ విప్పాను. మా దీవుల్లో ఎవరూ అలా ఊపరు, వేళ్ళు లోపలికి ముడిచి ఊపుతారు. కానీ అది వెతికేది ఆ చెయ్యే కదా. ఆ చెయ్యే ఎత్తాలి. ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డ టాక్సీవాళ్ళు, పాలక్యానులవాడు, అందరూ చూశారు. ఒక్కరు నవ్వలేదు.

జేబులో ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తాను.

"దిగానే. కనబడ్డావు" అంది కలియోపి.

"ఊఁ" అన్నాను.

"ఇంక దించవే ఆ చెయ్యి, అది అక్కడ దిగిపోయిందిగా" అన్నాడు మినాస్.